నీళ్ళు తేరేదాకా

మొన్న జగిత్యాలలో, నేను కొత్తగా పనికి కుదిరిన ఆడపిల్లల హాస్టల్ వెనక మురికినీళ్ళ మోరీ మీది బండ పక్కకు జరిపినప్పుడు వెచ్చటి వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. సబ్బు, కుంకుడుకాయ, తడి వెంట్రుకలు, కొంచెం పసుపు, అడుగున నానిన మట్టి. నాతో పనిచేసే స్వరూప కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఎవరికైనా అది మోరీ వాసన. నాకు మాత్రం సుగుణ మేడం గుర్తొస్తారు. ఈ మాట ఆమె విని ఉంటే, "నన్ను యాది చేసుకోను నీకు ఇంకేం దొరకలేదా రూతమ్మా" అని కడుపు పట్టుకుని నవ్వేవారు.

సుగుణ మేడం కోరుట్ల బయట ఉన్న ఒక ఆడపిల్లల కాలేజీలో హాస్టల్ వార్డెన్. నేను అక్కడే స్నానాల గదులు కడిగి, చెట్లకు నీళ్ళు పోసే పనిలో ఉండేదాన్ని. మా తల్లిగారి ఊరు గొల్లపల్లి దగ్గర. గుంటెడు భూమి లేని ఇల్లు. ఊళ్ళో ఎవరి మోరీ నిండినా మా ఇంటికే కబురు వచ్చేది. పెళ్ళయి కోరుట్ల వచ్చాక నాట్లు, కలుపులు, ఇండ్ల కాడ ఇటుకలు మోయడం, ఏది దొరికితే అది చేశాను. కాలేజీలో పని దొరికిన రోజు నేను మురిసిపోయింది జీతానికి కాదు. పొద్దున్నే కూలి అడ్డా మీద నిలబడి, ఎవరు పిలుస్తారా అని దారి చూసే బాధ తప్పినందుకు.

మేడం పొట్టి మనిషి. సిరిసిల్లలో నేత కుటుంబంలో పుట్టారు. తండ్రి మగ్గం నేసేవాడు, తల్లి పుల్లలకు నూలు చుట్టి కండెలు చేసేది. ఆ ఊళ్ళో చేతిమగ్గాలు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు వచ్చినప్పుడు తమ్ముడు వాటిలో పనికి పోతే, ఈమె చదువులోకి వచ్చారట. గంజి పెట్టిన నూలు చీర తప్ప ఇంకోటి కట్టేవారు కాదు. వరండాలో చీర చప్పుడు ముందు వచ్చేది, ఆమె తరువాత వచ్చేవారు. ఆ చప్పుడు వినగానే ఆడపిల్లలు ఫోన్లు దిండ్ల కింద దాచేవారు.

గేటు నుంచి హాస్టల్ దాకా ఉన్న దారికి అప్పుడు ఒక్క చెట్టు నీడ కూడా ఉండేది కాదు. ఎండాకాలం పరీక్షలు రాసి వచ్చే పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవారు. అది చూడలేక ఒక వానాకాలం మేడం ఆ దారికి రెండు పక్కలా కానుగ మొక్కలు పెట్టించారు. గుంటలు తవ్వింది నేనే, మొక్క పట్టుకుని నిలబడ్డది ఆమె. చలికాలమంతా మొక్కలు బాగానే ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి బోరు దగ్గడం మొదలుపెట్టింది. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. ప్రిన్సిపాల్ సార్ వరండాలో నిలబడి, "సుగుణమ్మా, పిల్లల స్నానాలకే నీళ్ళు చాలుతలేవు. చెట్లకు మాత్రం బంద్ పెట్టుండ్రి," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన నెత్తిన ఒక హాస్టల్ నిండా పిల్లలు ఉన్నారు.

మేడం ఆ రోజంతా హాస్టల్ చుట్టూ తిరిగారు. ఎక్కడెక్కడ నీళ్ళు బయటికి పోతున్నాయో చూస్తున్నారని నాకు తరువాత తెలిసింది. వంటింటి వెనక, అన్నం వార్చిన గంజి పెద్ద గంగాళాల్లోంచి మోరీలోకి పోతుండటం చూసి ఆగిపోయారు. ముఖం వెలిగింది.

"రూతమ్మా, గీ గంజి మొత్తం మన చెట్లకే. గంజి పెడితేనే నూలుకు బలం. మా అవ్వ వాడకట్టు పొడుగూత పడుగు నూలు సాగదీసి గంజి పట్టిచ్చేది. గంజి లేని పోగు మగ్గం మీద నిలువదు. నూలును నిలబెట్టేది నేలను నిలబెట్టదా?"

నాకు తప్పు అనిపించలేదు. మా ఇంట్లో గంజి అంటే మనిషికి ఆకలి తీర్చేది, బర్రెకు కుడితి అయ్యేది. ఇద్దరం పుట్టిన చోట్లు వేరైనా ఇద్దరికీ గంజి అంటే గౌరవమే. రోజూ బకెట్లతో మోసి మొక్క మొదట్లో పోశాను. మొదట్లో నేల తెల్లగా మెరిసింది. తరువాత బిగుసుకుంది. అప్పడం లాగా పైన పొర కట్టింది. చీమలు బారులు తీరాయి. పుల్లటి వాసనకు ఎక్కడెక్కడి కుక్కలో గేటు సందులోంచి దూరి వచ్చి, గంజి నాకి, నాకింది చాలక మొదళ్ళు తవ్వాయి. ఎప్పుడైనా బోరు నీళ్ళు నాలుగు చుక్కలు దొరికి పోస్తే, అవి పొర మీద నుంచి జారి దారిలోకి వచ్చేవి. ఆకులు పసుపు పచ్చగా మారాయి. కొన్ని మొక్కలు వేర్లు బయటపడి పక్కకు ఒరిగాయి.

ప్రిన్సిపాల్ సార్ బండి ఆపి దిగి చూశారు. "చెట్లకు అన్నం కూడ పెడుతున్నరా? పప్పు ఎప్పుడు వడ్డిస్తరు?" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు. కానీ ఆయన నవ్వలేదు. "చూడుండ్రి, చెట్లు ఎట్లాగూ పోయేటట్టు ఉన్నయ్. చెట్లే లేకుంటే రూతమ్మ పని ఎందుకు? స్నానాల గదులు కడుగుడు వేరేవాళ్ళు చూసుకుంటరు. వచ్చే నెల నుంచి ఆమెను ఆపేద్దాం."

నేను అక్కడే చీపురు పట్టుకుని ఉన్నాను. కూలి అడ్డా కళ్ళ ముందు కనబడింది.

మేడం, "వానలు పడేదాక ఆగుండ్రి సార్. చెట్లు చచ్చినయంటే అప్పుడు ఆమెను తీసేయుండ్రి. నన్ను గూడ వేరే హాస్టల్‌కు పంపుండ్రి," అన్నారు. సార్ సరే అన్నారు. మోటరు మాత్రం చెట్ల కోసం వేయనన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం పారలు పట్టుకుని ఆ పొరను పగలగొట్టాము. మేడం చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకుని, చెమటలు కారుతూ, ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూశారు. టక్కుమంది. "రూతమ్మా, నేను నేలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన," అన్నారు. అని నవ్వారు. తప్పు చేసిన పెద్దమనిషి తన తప్పును చూసి అంత హాయిగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు తెలిసిన పెద్దవాళ్ళు తప్పు జరిగితే పక్కన ఎవరున్నారా అని చూసేవారు. సాధారణంగా ఆ పక్కన ఉండేది నేనే.

గంజి కాకపోతే ఇంకేం ఉంది? స్నానాల నీళ్ళు ఉన్నాయి. ఆ హాస్టల్‌లో మోరీ ఎండే రోజు లేదు. కానీ ఆ నీళ్ళ నిండా సబ్బు నురుగు, అంతకు మించి వెంట్రుకలు. ఆడపిల్లల హాస్టల్ మోరీలో నీళ్ళ కన్నా వెంట్రుకలే ఎక్కువ అంటే నమ్మండి. మేడం ఆదివారం సిరిసిల్ల పోయి, తమ్ముడు పనిచేసే సాంచాల షెడ్డులో పారేసే వేస్టు నూలు పెద్ద మూట కట్టుకుని బస్సులో వచ్చారు. కండక్టర్ మూటకు కూడా టికెట్ అడిగాడట. "టికెట్ పైసలు మూటనే అడుగు, దాన్ని ఈడనే దించిపోత," అన్నారట ఈమె.

ఆ నూలును వలలాంటి చిక్కంగా అల్లి మోరీ మూతికి కట్టాము. దాని కింద ఒక గుంత, గుంతలో గులకరాళ్ళు, ఇసుక. పక్కన ఇంకో గుంత, నీళ్ళు నిలిచి తేరడానికి. మొదటిరోజు చిక్కం నిండి నీళ్ళు పైనుంచి పొర్లాయి. ఎప్పటిలాగే నేను కొంగు బిగించి మోరీలోకి వంగబోయాను. మేడం నా భుజం పట్టి ఆపారు. గాజులు పైకి జరుపుకుని తన చెయ్యి మోచేతి దాకా ముంచారు. నల్లటి వెంట్రుకల ఉండను బయటికి తీసి, ఒడ్డున కూర్చుని, చిక్కుపడ్డ పోగులు విడదీసినట్టు చిక్కం లోంచి ఒక్కొక్క పాయ లాగారు.

"మీరెందుకు మేడం, నేనున్న కదా," అన్నాను.

"నువ్వు ఎప్పటికీ ఉన్నవు. గందుకే ఎవలకూ మోరీల ఏముందో తెల్వదు. ముందు నేను చూడాలె, తరువాత నీకు చెప్పాలె."

ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన ఆ రోజు ఆమె చేతిని వదలలేదు. అన్నం చెంచాతో తిన్నారు. నేను మాత్రం ఆ చేతిని చాలా రోజులు మరిచిపోలేదు. మా అవ్వ చెయ్యి, మా నాయన చెయ్యి, నా చెయ్యి మునిగిన చోట ఒక మేడం చెయ్యి నాకంటే ముందు మునగడం నాకు అర్థం చేసుకోవడానికి సమయం పట్టింది.

తీసిన వెంట్రుకలను నేను పారేయలేదు. కడిగి, ఎండబెట్టి, సంచిలో దాచాను. వెంట్రుకలకు సామాన్లు ఇచ్చే అతను వీధిలోకి వస్తే ఆ సంచి ఇచ్చి, నీళ్ళు తోడడానికి రెండు మగ్గులు తీసుకున్నాను. మేడం ఆ మగ్గులను చూసి, "పిల్లల జడలు మగ్గులైనయ్!" అని ప్రతి ఒక్కరికీ చూపించుకున్నారు.

పిల్లలకు ఈ సంగతి తెలిసినప్పుడు రభస అయింది. వంటింటి వెనక కరివేపాకు చెట్టుకు కూడా ఇవే నీళ్ళు పోస్తున్నామని ఎవరో పుకారు పుట్టించారు. ఆ పూట చారు ఎవరూ ముట్టలేదు. "మేడం, మా సబ్బునే మాకు చారు వెట్టి పోస్తున్నరా?" అని ఒక పిల్ల గిన్నె ఎత్తి చూపించింది. మేడం కోప్పడలేదు. అందరినీ కరివేపాకు చెట్టు దగ్గరికి తీసుకుపోయి, "దీనికి బియ్యం కడిగిన నీళ్ళే. స్నానం నీళ్ళు నీడ చెట్లకు. బట్టలు ఉతికిన మొదటి నీళ్ళు, సోడా నీళ్ళు, దేనికీ పనికిరావు, అవి మోరీకే. జాడిచ్చిన నీళ్ళు మాత్రం మాకియ్యుండ్రి. దేని నీళ్ళు దానికి," అన్నారు. గంజి దెబ్బ తిన్న తరువాత ఆమె ఏ నీళ్ళనూ అడగకుండా ఎక్కడా పోయలేదు. ఎక్కడ పుట్టినవి, ఏం మోసుకొచ్చాయి, ఎవరికి సరిపోతాయి, అన్నీ విచారించేవారు. పెళ్ళి సంబంధం చూసినట్టే.

ఆ తరువాత పిల్లలు చెట్లను పంచుకున్నారు. ఒక్కో గదికి ఒక్కో కానుగ. బద్ధకించి స్నానం ఎగ్గొట్టే పిల్లను తక్కినవాళ్ళు, "నీ చెట్టు నోరు తెరుచుకుని చూస్తుందే, పో, పోయి నీళ్ళు పోసుకో," అని తరిమేవారు.

స్నానాలన్నీ అయ్యాక నీళ్ళు గుంతలోకి చేరి తేరడానికి కొంతసేపు పట్టేది. వెంటనే పోస్తే మడ్డి అంతా మొక్క మొదట్లో పేరుకుంటుంది. మళ్ళీ గంజి కథే. మరునాటిదాకా ఉంచితే కంపు కొడుతుంది. అందుకని ఆ గట్టు మీద కూర్చుని కాపలా కాయాలి. మేడం హాజరు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చునేవారు. నేను పాటలు పాడుకునేదాన్ని, ఆదివారం ప్రార్థనలో పాడేవి.

"ఇన్ని పాటలు నోటికే వస్తయా?" అని అడిగారు ఒకరోజు.

"వస్తయి మేడం. అందరూ పుస్తకం పట్టుకుంటరు, నేనూ పట్టుకుంట. పాట ఎన్నడూ తప్పలేదు. పేజీయే తప్పుతుంటది. పక్కన కూర్చున్నామె తిప్పిస్తది."

మేడం నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ముందురోజు గుంతలోంచి తోడి గట్టు మీద పరిచిన ఒండ్రు సగం ఆరి, నున్నగా ఉంది. నూలు మూటలో వచ్చిన, కండె చుట్టే పాత పుల్ల ఒకటి తీసుకుని దాని మీద ఒక అక్షరం గీశారు.

"నీళ్ళు తేరేదాక మనకేం పని? దిద్దు."

"ఈ వయసులనా మేడం? నా చెయ్యి పార పట్టి మొద్దుబారింది."

"పుల్ల కూడ మొద్దుదే. దిద్దు."

అట్లా మొదలైంది. ఒండ్రు మంచి పలక. గీత పడితే లోతుగా పడుతుంది, తప్పైతే అరచేత్తో రాస్తే పోతుంది. మరునాడు కొత్త ఒండ్రు, కొత్త అక్షరం. ఆమె ఎన్నడూ తొందర పెట్టలేదు. నేను విసుక్కుంటే గుంత వైపు చూపించేవారు. "చూడు, మడ్డి అంత కింద పడుతున్నది. ఎవలన్న పట్టుకుని కిందికి నూకుతున్నరా? కలపకుంటె చాలు, అదే తేరుతది." నాలో కూడా ఏదో కిందికి దిగి, పైన తేటగా అవుతున్నట్టు ఉండేది. వేరే పనులన్నిటిలో నన్ను తొందర పెట్టినవాళ్ళే ఉన్నారు. పనిలో నన్ను కూర్చోమన్న మనిషి ఆమె ఒక్కతే.

మొక్కలు తేరుకుని కొత్త చిగురు వేస్తున్నాయనగా సెలవులు వచ్చాయి. మేమిద్దరం ఆ సంగతే ఆలోచించలేదు. పరీక్షలు అయిపోయి, పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు పోయారు. స్నానాల గదులు ఎండిపోయాయి. మోరీ ఎండింది. గుంత అడుగున ఒండ్రు బీటలు వారింది. ఎండ చూస్తే నిప్పులు కురుస్తోంది. వానలకు ఇంకా చాలా రోజులున్నాయి. కొత్త చిగురు కొసలు నల్లబడటం మొదలైంది. నేను ఇంటి నుంచి నడిచి వస్తూ కూలి అడ్డా మీది ఆడవాళ్ళను చూసి తల దించుకునేదాన్ని, రేపో మాపో అక్కడే నిలబడాలి కదా అని.

మేడం సార్‌కు ఫోన్ చేశారు. సార్ మాట మారలేదు. చెట్ల కోసం మోటరు వేసేది లేదు. ఫోన్ పెట్టేసి ఆమె గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల బీడీలు చేసే ఆడవాళ్ళ వాడ ఉంది. అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళ నల్లాలో నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఇంటికో బిందె దొరికితే తాగడానికే సరి.

మేడం రోడ్డు దాటి పోయారు. వెనక నేను పోయాను.

"అక్కా, పని అయినంక మా హాస్టల్‌కు వచ్చి తానం చేసి పోతరా? తలుపులున్న బాత్రూములు. ఎవలు ఏమనరు."

ఆ ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దామె, రాజవ్వ, దారం తెంపుతూ అడిగింది. "ఊకెనే పిలుస్తరా మేడం? ఏం పని ఉన్నదో చెప్పుండ్రి."

"పని ఉన్నది. మీరు పోసుకున్న నీళ్ళు మాకు కావాలె. మా చెట్లకు."

రాజవ్వ చాట పక్కన పెట్టి నవ్వింది. "మా ఒంటి నిండ పొగాకు దుమ్మే. మా నీళ్ళు పోస్తే మీ చెట్లకు బీడీలు కాస్తయి!"

"కాస్తే కట్టలు కట్టి మీకే ఇస్తం తియ్యి," అన్నారు మేడం.

దారిలో నేను భయపడుతూ అడిగాను. "సార్ మోటరు వద్దన్నరు కద మేడం?"

"చెట్లకు వద్దన్నరు. మనుషుల తానాలకు వద్దనలేదు."

ఆ సాయంత్రం నుంచి వాళ్ళు వచ్చారు. గంపెడు మాటలు వేసుకుని వచ్చేవారు. తలుపు వేసుకుని, ఎవరూ తొందర పెట్టకుండా, ఒక బకెట్ నిండా నీళ్ళతో స్నానం చేయడం వాళ్ళలో కొందరికి పండుగే. లోపల నుంచి పాటలు వినబడేవి. మళ్ళీ మోరీ తడిసింది. ఈసారి వాసన వేరు, సబ్బు మీద పొగాకు ఘాటు. నేను తేరిన నీళ్ళు మోసి మొక్కలకు పోస్తుంటే, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ వాళ్ళు దారి వెంట పోతూ, "ఇది నాది, ఇది నీది," అని చెట్లు చూసుకునేవారు.

ఒకనాడు ప్రిన్సిపాల్ సార్ ఏదో పని మీద వచ్చి, హాస్టల్ లోంచి వరుసగా బయటికి వస్తున్న ఆడవాళ్ళను చూసి నిలబడిపోయారు.

"సుగుణమ్మా, ఎవరు వీళ్ళంతా?"

మేడం నెమ్మదిగా, "మన చెట్ల చుట్టాలు సార్," అన్నారు.

సార్ మోరీ వైపు చూశారు, గుంత చూశారు, చిగుళ్ళు చూశారు. ఆయనకు అంతా అర్థమైంది. పోతూ పోతూ, "చీకటి పడకముందే పంపియ్యుండ్రి, దారిల లైట్లు లేవు," అన్నారు. అంతే.

వాన ఆలస్యంగానే వచ్చింది, కానీ వచ్చింది. కొన్ని మొక్కలు పోయాయి. గంజి దెబ్బకు పోయినవే ఎక్కువ. మిగతావి నిలబడ్డాయి. నా పనీ నిలబడింది. ఆ తరువాత చాలా ఏళ్ళు నేను అక్కడే చేశాను. నాకు ఒండ్రు మీద అక్షరాలు కూడి మాటలయ్యాయి, మాటలు కూడి పాటల పుస్తకంలో నా పేజీ నేనే తిప్పుకోవడం వచ్చింది. మేడం పదవీ విరమణ చేసి సిరిసిల్ల వెళ్ళే రోజు, కానుగల నీడలోనే ఆటో ఎక్కారు. ఎక్కబోతూ కండె పుల్ల నా చేతిలో పెట్టి, "మళ్ళ ఎప్పుడన్న నీళ్ళు తేరాలంటే పనికొస్తది," అన్నారు. నిరుడు ఆమె పోయారని తెలిసి సిరిసిల్ల పోయాను. వాళ్ళ ఇంటి వెనక, స్నానాల గది నీళ్ళు పారే చోట ఒక చిన్న చిక్కం కట్టి ఉంది, నూలుది. దాని కింద మల్లెతీగ పచ్చగా ఉంది. అది చూశాకే నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడు బిడ్డ దగ్గర ఉందామని జగిత్యాల వచ్చాను. ఇక్కడి హాస్టల్ వాళ్ళు, కోరుట్లలో చేసినట్టు ఇక్కడా చేసి చూపించమన్నారు. ఆ మోరీ బండే మొన్న జరిపింది. స్వరూప చిన్నది, పదో తరగతి దాకా చదివింది. ఇల్లు గడవక ఈ పనికి వచ్చింది. కొంగు ముక్కు నుంచి తీయకుండానే, "ఛీ, అండ్ల చెయ్యి నేను పెట్ట పెద్దమ్మా," అంది.

"నువ్వు పెట్టకు. ముందు నేను చూస్త," అని గాజులు పైకి జరిపి చెయ్యి ముంచాను. వెంట్రుకల ఉండ తీసి, గట్టు మీద కూర్చుని పాయలు విడదీస్తుంటే, కాసేపటికి తనే వచ్చి ఇంకో కొస పట్టుకుంది.

నీళ్ళు గుంతలోకి చేరాయి. నేను చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చున్నాను.

"ఇంక పోద్దామా?" అంది స్వరూప.

"ఇప్పుడే ఎక్కడికి? తేరనీ."

"అందాక ఏం చేద్దాం మరి?"

నా సంచిలో కండె పుల్ల ఉంది. గుంతలోంచి తీసిన ఒండ్రు పక్కన నున్నగా పరుచుకుని ఉంది. చదువుకున్న పిల్లకు నేను నేర్పే అక్షరం ఏముంటుంది? పుల్ల తీసి స్వరూప చేతిలో పెట్టాను.

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా. మొదటి అక్షరం గియ్యి, నేను దిద్దుత."